మాటకు పన్నెండు పెన్నీలు

నా పేరు సెంగా.
మా అమ్మమ్మ ఆగ్నెస్. మా లిపిలో ఆ పేరుని
వెనక నుంచి చదివితే నేను.
తిరగరాయడం నీకు పుట్టుకతోనే వచ్చిందని
డండీలో స్నేహితులు వేళాకోళం చేస్తారు.
అబద్ధం. నలభై నాలుగో ఏట వచ్చింది,
అదీ ఒక రిఫ్రిజిరేటర్ల పత్రిక పుణ్యమా అని.

అంతకు ముందు నాన్న మీద రాశాను.
నలభై పేజీలు.
జనపనార మిల్లులో యంత్రాలకు నూనె పోసేవాడు,
మగ్గాల మోతకు చెవులు పోయాయి.
చివరి చలికాలమంతా టే నది వైపు కుర్చీ తిప్పుకుని
ఎవరితోనూ మాట్లాడకుండా గడిపాడు.
ఏడు పత్రికలకు పంపాను.
ఏడూ తిప్పి పంపాయి,
ఒకటి నా పేరు తప్పు రాసి మరీ.

అద్దె ఆగదు కదా.
గ్రంథాలయంలో హీటర్ పక్క బల్ల మీద
ఎవరూ ముట్టుకోని పత్రికలు తిరగేశాను:
లిఫ్టులు బాగుచేసేవాళ్ళది, తేనెటీగలవాళ్ళది,
శవపేటికలకు పిడులు పోతపోసేవాళ్ళది
(నవ్వకండి, దానికీ చందాదారులున్నారు).
ఒక్కో సంచికా రెండుసార్లు చదివాను,
ఒకసారి వాళ్ళు ఏం చెబుతున్నారో,
ఇంకోసారి ఏం చెప్పడానికి
వాళ్ళ దగ్గర మనిషి లేడో.
అడగందే అమ్మైనా పెట్టదు.
బిస్కెట్ల డబ్బా మూత లోపల కాగితం అంటించి
ఎవరికి ఏ రోజు పంపానో రాసుకున్నాను.
కొన్ని నెలలు నేను రాసిందల్లా ఆ కాగితమే.

జవాబిచ్చింది ఒక్కడు. ఫార్కర్ మిల్న్,
శీతల గిడ్డంగుల పత్రిక సంపాదకుడు,
విశేషణం కనబడితే తేలు కనబడ్డట్టు చూసే మనిషి.
మాటకు పన్నెండు పెన్నీలు.
నా మొదటి వ్యాసం తిరిగొచ్చింది,
మొదటి రెండు పేరాల మీద అడ్డంగా గీత,
పక్కన పెన్సిలుతో:
"గొంతు సవరించుకోవడం ఇంట్లో చేసి రా."

ఆ రాత్రి కోపంతో అంట్లు తోమాను.
తోమినవే మళ్ళీ తోమాను.
పొద్దున చూస్తే, పాపిష్ఠివాడు, ఆయన మాటే నిజం.
వ్యాసం మూడో పేరాలో మొదలవుతోంది,
ముందున్నదంతా గుమ్మంలో బూట్లు తుడుచుకోవడం.
నాన్న కాగితాలు తీశాను.
నలభైలో ముప్పై ఆరు
బూట్లు తుడుచుకోవడమే.

తర్వాత ఆర్‌బ్రోత్‌లో చేపల గిడ్డంగికి వెళ్ళాను.
ఇన్నిస్ అనే మెకానిక్, ముక్కు ఎర్రగా,
ఐదు పౌండ్ల నోటు తలుపు సందులో పెట్టి మూసి
కొస పట్టుకుని లాగమన్నాడు.
బిగిసి ఉంటే రబ్బరు పట్టీ బతికున్నట్టు.
తేలిగ్గా జారి వస్తే చచ్చినట్టు.
జారి వచ్చింది. నోటు జేబులో పెట్టుకోబోతే
చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు.
ఇప్పటికీ నా వాక్యాల్లో ప్రతి మాటనీ
అలాగే కొస పట్టుకుని లాగి చూస్తాను.

ఆ వ్యాసంలోనే, మూడో పేజీ చివర, అనుకోకుండా పడింది:
"పట్టీ పాతబడితే తలుపు మూసే ఉంటుంది,
లోపలి చలి మాత్రం ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతుంది."
రాశాక చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను.
అక్కడ కుర్చీ ఇప్పుడు లేదు.

ఫార్కర్ దాని పక్కన ఏమీ రాయలేదు.
కొట్టెయ్యలేదు కూడా.
పదకొండు మాటలు.
ఒక పౌండు ముప్పై రెండు పెన్నీలు,
బస్సు టికెట్టుకి చాలలేదు,
చెక్కు వెయ్యడానికి బ్యాంకు దాకా నడిచే వెళ్ళాను,
వానలో.

తేనెటీగలవాళ్ళు గురువారం లోపు
శీతాకాలపు పెట్టెల మీద ఎనిమిది వందల మాటలు అడిగారు.
తేనెటీగల గురించి నాకు ఏమీ తెలియదు.
రేపు తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్తున్నాను.
నాన్నవి నాలుగు పేజీలు మిగిలాయి,
నిన్న ఎనిమిదో పత్రికకు పంపాను.
మూత మీద తేదీ వేశాను.
దాని పక్కన ఖాళీ ఉంచాను.